గంట వినిపించేంత దూరం

చర్చి కట్టడాన్ని చూసి మెచ్చుకున్నవాళ్ళు తెలుగునాట కోకొల్లలు. ఆదివారం ఉదయం లోపల జరిగే ఆరాధనలో మొదటినుంచి చివరిదాకా కూర్చున్న బయటివాళ్ళు బహు తక్కువ. ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుంది? అతిథిగా వెళ్ళినవాళ్ళు ఎలా మెలగాలి? పక్కనే ఉన్న ఆ గుమ్మం మనకు ఇంతకాలం ఎందుకు కొత్తగా మిగిలిపోయింది?

మెదక్ వెళ్ళినవాళ్ళు చర్చి చూడకుండా తిరిగి రారు. పిల్లాపాపలతో బయల్దేరే కుటుంబాలు, కాలేజీ బస్సులు, ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి వెళ్తూ దారిలో ఆగేవాళ్ళు, అందరూ ఆ 175 అడుగుల గోపురం కింద నిలబడి ఫొటో దిగుతారు. లోపలికి వెళ్ళి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల ముందు తలెత్తి నిలబడతారు. ఒకదాంట్లో యేసు పుట్టుక, ఒకదాంట్లో సిలువ, మరోదాంట్లో ఆరోహణం. వాటిని తీర్చిదిద్దింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ ఈ చర్చి కట్టించారనీ, కరువులో అల్లాడుతున్న చుట్టుపక్కల పల్లెలకు ఈ పనే కూడు పెట్టిందనీ అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న ఆ మందిరానికి 2024 క్రిస్మస్‌తో నూరేళ్ళు నిండాయి.

చూసి, ఆనందించి, వచ్చేస్తాం. కానీ మనం చూసి వచ్చింది రాతినీ అద్దాలనూ. జనం లేని వేళ ఎంత గొప్ప చర్చి అయినా కట్టడమే. దాని అసలు బతుకు ఆదివారం ఉదయం తొమ్మిదికో పదికో మొదలవుతుంది. ఆ వేళకు మనం ఇంట్లో టిఫిను చేస్తూ ఉంటాం.

నేను ఉద్యోగరీత్యా ఉంటున్నది మెదక్ వైపు ఒక చిన్న పట్టణంలో. మా వీధిలో ఒకావిడ ఉన్నారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వీధి మొత్తానికీ ఆవిడ సిస్టరమ్మ. అర్ధరాత్రి ఎవరికి జ్వరం వచ్చినా ఆవిడ తలుపే తడతారు. పండక్కి మా ఇంటి బూరెలు ఆవిడ ఇంటికి వెళ్తాయి, క్రిస్మస్‌కి అక్కడి కేకు మా ఇంటికి వస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో ఆగేది. ఒకరోజు గేటు దగ్గర నిలబడి మాట్లాడుతూ, మీ ఆరాధన ఎలా ఉంటుందమ్మా అని అడిగాను.

"చెప్తే ఏం తెలుస్తది బిడ్డా? రా. ఈ ఐతారం బల్ల ఉంది. పాటలు మంచిగుంటయ్. నువ్వు ఊకె కూసొని ఇను, చాలు."

"నన్ను ఎవరైనా ఏమైనా అడుగుతారా అమ్మా?"

"ఏమడుగుతరు? తిన్నవా అని అడుగుతరు."

నా ప్రశ్న నా ఒక్కదానిదే కాదు. ఈ కథనం కోసం నేను మాట్లాడినవాళ్ళలో చాలామంది ఇలాంటి శంకలే చెప్పారు. మతం మారమంటారేమో. మోకాళ్ళ మీద కూర్చోమంటారేమో. అందరూ లేచినప్పుడు నేను లేవకపోతే ఏమనుకుంటారో. పెట్టింది తినాలా, తినకపోతే తప్పా, తింటే మా ఇంట్లో ఏమంటారు? వీటికి సమాధానాలు తెలియకనే అడుగు పడదు. తెలిస్తే పడుతుంది. కాబట్టి తెలిసినంత చెబుతాను.

చాప, కొంగు, జిప్పు కవరు

సిస్టరమ్మ వెళ్ళేది దక్షిణ ఇండియా సంఘం చర్చి. అందరూ సీఎస్‌ఐ అంటారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్ - కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవాళ్ళు వేర్వేరు సంఘాల గోడలు తీసేసి ఒక్కటయ్యారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలు. ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే అదొక పెద్ద సంగతి. బిషప్పుల వ్యవస్థ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అలా ఒకే సంఘంగా కలవడం అంతకుముందు జరగలేదు.

గుమ్మం బయట చెప్పుల వరుసలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. వెనక బెంచీలు, ముందు చాపలు. చాపల మీద సండే స్కూలు పిల్లలు. బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఘట్టం ఉన్న ఆదివారం కావడంతో తెల్లచీరలే ఎక్కువ. ఆడవాళ్ళంతా కొంగు తలమీదికి లాక్కున్నారు. నేనూ లాక్కున్నాను. అది నియమమని ఎవరూ చెప్పలేదు, అలా ఉంటే బాగుంటుందనిపించింది. ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఇంకొకావిడ "వందనాలమ్మా" అంది. సిస్టరమ్మ చెప్పినట్టే, తిన్నావా అని అడిగింది కూడా.

సిస్టరమ్మ బైబిలుకు జిప్పున్న నల్ల కవరు. లోపల కళ్ళజోడు గుడ్డ, ఒక పెన్ను, రెండు పెళ్ళి శుభలేఖలు, మనవరాలి పాస్‌పోర్టు ఫొటో. పుట తిప్పితే అంచుల నిండా తేదీలు. ఏ వాక్యం మీద ఎప్పుడు ప్రసంగం విన్నారో ఆ రోజు తేదీ వేసుకోవడం ఇక్కడ చాలామందికి అలవాటు. ఒక తేదీ పక్కన "బాబు ఆపరేషన్" అని నీలి సిరాతో రాసి ఉంది. మరో తేదీ పక్కన "డ్యూటీలో" అని. నేను చూస్తున్నానని గమనించి ఆవిడ పుస్తకాన్ని నావైపు ఇంకాస్త జరిపారు. నలభై ఏళ్ళ సంసారం, ఉద్యోగం, దిగుళ్ళు, గట్టెక్కిన గండాలు ఆ అంచుల్లో ఉన్నాయి.

ఆరాధనకు ఒక క్రమం ఉంది. ముందు కీర్తన. తర్వాత అందరూ కలిసి బయటికి వినబడేలా చేసే పాపపు ఒప్పుకోలు. నా పక్కనున్న ముసలావిడ, ముందు వరుసలో ఉన్న హెడ్మాస్టరు, వేదిక మీదున్న పాస్టరు, అందరిదీ ఒకే పాఠం, ఒకే గొంతు. ఎవరు ఎవరికన్నా ఎక్కువ తప్పు చేశారన్న లెక్క అక్కడ రాదు. తర్వాత పాత నిబంధన నుంచి ఒక పాఠం, పత్రికల నుంచి ఒకటి, సువార్త నుంచి ఒకటి. సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. చదివింది పదో తరగతి అమ్మాయి. పాత గ్రాంథికపు బైబిలు తెలుగు, పొడవాటి వాక్యాలు, ఎక్కడా తడబడలేదు. చిన్నప్పటినుంచి ఆదివారం ఆదివారం మైకు ముందు నిలబడ్డ పిల్లల చదువు అలా ఉంటుంది.

ఆ రోజు పాఠం లూకా సువార్తలోని పోయిన నాణెం కథ. పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న ఆడమనిషి దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగు అమ్మలక్కల్ని పిలిచి సంబరం చేసుకుంటుంది. పాస్టరు అయ్యగారు ఆ కథను నేరుగా ఆడవాళ్ళ వైపు తిరిగి చెప్పారు. పుస్తెలతాడులో గుండు జారిపోతే మీరేం చేస్తారు, వడ్ల బస్తాలు జరపరా, మంచం ఎత్తరా, చీపురు పుల్లతో సందులు గెలకరా అని అడిగారు. ఆడవాళ్ళు నవ్వుతూ తలలూపారు. దేవుడు వెతికేది అలాగే, కొంగు బిగించి, అన్నారాయన. ఇరవై నిమిషాల ప్రసంగంలో దేవుణ్ణి చీపురు పట్టుకుని ఊడుస్తున్నట్టు చూపించిన ఆ మాట నాకు చాలా నచ్చింది. కథ చెప్పడంలో ఆయనకు మన పురాణ కాలక్షేపాల ఒడుపంతా ఉంది.

ప్రకటనలు మొదలైతే చర్చి కాస్తా ఊరి రచ్చబండ అయింది. ఎవరింట్లో పెళ్ళి, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, స్త్రీల మైత్రి కూటం ఎవరింట్లో, ఎవరబ్బాయికి ఇంటర్లో సీటొచ్చింది. పుట్టినరోజు, పెళ్ళిరోజు ఉన్నవాళ్ళు ముందుకు వచ్చి చిన్న కవర్లో కృతజ్ఞత కానుక ఇచ్చి తల వంచారు. అయ్యగారు ఒక్కొక్కరి పేరు పలికి ప్రార్థన చేశారు. తర్వాత దేశం కోసం, పాలకుల కోసం, వాన కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన. ఒక మనిషి పేరు వందమంది ముందు పలికి, ఆ వందమందీ అతని మోకాలి నొప్పి తగ్గాలని కళ్ళు మూసుకుని అడగడం చిన్న సంగతేమీ కాదు. మన వీధుల్లో పక్కింటివాళ్ళ పేరు తెలియని రోజులివి.

కానుకల సంచి వరుసల వెంట నడిచింది. వేయాలనిపిస్తే వేయవచ్చు, లేకపోతే పక్కవాళ్ళకు అందించవచ్చు. ఎవరూ చూడరు. వెనకటికి డబ్బు ఆడని పల్లెల్లో ఆడవాళ్ళు రోజూ అన్నం వండేముందు ఎసట్లోకి కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన ఉంచేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యమే కానుక. చాలాచోట్ల పాస్టర్ల జీతాలు, బడి పంతుళ్ళ తిండి గడిచింది ఆ పిడికిళ్ళ మీదే. తమకే చాలని గింజల్లోంచి తీసిన పిడికెడది.

ఆనందభైరవిలో

చర్చి పాట అంటే పియానో మీద వాయించే దొరల పాట అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. తబలా ముక్తాయింపు వినగానే ఆ ఊహ పోతుంది. హార్మోనియం, తబలా, తాళాలు, ఇప్పుడు కొత్తగా కీబోర్డు. చేతికిచ్చిన పుస్తకం "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు". సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు అన్న తేడా లేకుండా తెలుగు సంఘాలన్నీ తరాలుగా పాడుకుంటున్న ఉమ్మడి ఆస్తి. తెరిచి చూస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం. శంకరాభరణం, ఆనందభైరవి, మోహన. ఆది, త్రిపుట. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఈ పుస్తకం పరాయిదిగా కనిపించే అవకాశమే లేదు.

ఈ దారి వేసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది పురుషోత్తమ చౌదరిని. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి 1890 దాకా జీవించారు. బ్రాహ్మణ కుటుంబం. ఊరూరా తిరిగి సువార్త ప్రకటించినవాడు, తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడిగా పేరు పొందినవాడు. తర్వాతి తరంలో విశాఖపట్నం వైపు పులిపాక జగన్నాథం. ఇరవయ్యో శతాబ్దంలో, 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు. త్యాగరాజు 1847లో కన్నుమూశారు. అంటే కర్ణాటక సంగీతం తంజావూరు సీమలో పండుతున్న కాలంలోనే, ఉత్తరాంధ్రలో పురుషోత్తమ చౌదరి యేసు మీద తెలుగు కీర్తనలు కడుతున్నాడు. మన సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటు చాలా తక్కువ. భక్తి కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు అన్నమయ్య, రామదాసు తర్వాత ఈయన పేరు కూడా రావాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఈ పేర్లు పాఠాల్లోకి రాకపోవడం కవిత్వం తక్కువై కాదు, వాటిని పాడుకునేవాళ్ళ మధ్యకు మనం వెళ్ళకపోవడం వల్ల. గుర్రం జాషువా "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ కావ్యం వెనక ఉన్న విశ్వాసం ప్రతి ఆదివారం ఏ చాపల మీద కూర్చుని పాడుతుందో చూసిన పాఠకులు ఎందరు?

ఆ రోజు పాడిన కీర్తనల్లో ఒకటి విలంబంగా మొదలైంది. చరణానికి చరణానికి మధ్య ముసలివాళ్ళ గొంతులు పుస్తకం కన్నా ముందే అందుకున్నాయి. సిస్టరమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడకు పుస్తకంతో పని లేదు.

రెండు అరచేతులు

బల్లకు ముందు ఒక ఘట్టం ఉంది. దాని గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అయ్యగారు ముందున్న పెద్దల చేతులు పట్టుకున్నారు. వాళ్ళు వరుసల్లోకి వచ్చారు. ఒక్కొక్కరూ తమ కుడిచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించి, ఎడమచేతిని పైన మూస్తారు. ఎదుటివారూ అంతే. అలా పుచ్చుకున్న సమాధానాన్ని, అంటే శాంతిని, పక్కవాళ్ళకు అందిస్తారు. ముందు వరుస నుంచి ఆఖరి వరుస దాకా, మనిషి నుంచి మనిషికి.

నాకు అందించినావిడ మా మునిసిపాలిటీలో పారిశుధ్య పని చేస్తారు. రోజూ తెల్లవారుజామున మా వీధి ఊడ్చేది ఆవిడే. నా చేయి ఆవిడ రెండు చేతుల మధ్య ఉంది. అరచేతిలో చీపురు కట్ట ఒరిపిడికి కాయలు కాసిన చోటు గట్టిగా తగిలింది. ఆవిడ నా కళ్ళలోకి చూసి చిన్నగా నవ్వారు. తర్వాత నేను నా పక్కనున్న అమ్మాయి వైపు తిరిగాను.

దీనికి చరిత్ర ఉంది. చేతులతో సమాధానం అందించుకునే ఈ ఆచారం కేరళ సిరియన్ క్రైస్తవులది. సీఎస్‌ఐ 1950లో తన ఆరాధన క్రమాన్ని కొత్తగా రాసుకున్నప్పుడు దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుంది. పాశ్చాత్య ప్రొటెస్టెంటు చర్చిల్లో ఆనాటికి ఇది దాదాపు మరుగున పడిపోయింది. దక్షిణ భారతం నుంచి ఈ క్రమాన్ని చూసి తర్వాత దేశదేశాల సంఘాలు తమ ఆరాధనల్లోకి మళ్ళీ తెచ్చుకున్నాయి. ఇవాళ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఆదివారం ఆరాధనలో పక్కవాళ్ళ చేయి పట్టుకునేవాళ్ళు తెలియకుండానే మనవాళ్ళకు కొంత రుణపడి ఉన్నారు.

కానీ నన్ను ఆలోచనలో పడేసింది ఈ మట్టి మీద దాని అర్థం. నీడ పడితే స్నానం చేసిన ఊళ్ళు ఇవి. చేతికి చేయి తగలకుండా పైనుంచి నీళ్ళు పోసిన ఊళ్ళు. ఇలాంటి చోట బల్ల ఉన్న ప్రతి ఆదివారం ప్రతి మనిషీ పక్క మనిషి చేతిని రెండు చేతులతో పట్టుకుని తీరాలని ఒక ఆరాధన నియమం పెట్టింది. దాని విలువ వేదాంత పుస్తకాల్లో కన్నా చాప మీద కూర్చుంటేనే బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత బల్ల. రొట్టె, ద్రాక్షరసం. యేసు తన శిష్యులతో చేసిన చివరి భోజనానికి జ్ఞాపకం. సంఘానికి ఇది అత్యంత పవిత్రమైన ఘట్టం. బాప్తిస్మం పొంది సంఘంలో చేరినవాళ్ళు వరుసగా ముందుకు వెళ్ళి మోకాళ్ళూని పుచ్చుకుంటారు. అతిథి తన చోటులో కూర్చుని ఉండటమే మర్యాద. ప్రసాదం అనుకుని చేయి చాపకూడదు, వద్దంటే అవమానమనీ అనుకోనక్కర్లేదు. ఇది దేవుడితో ఒక ఒడంబడికలోకి ప్రవేశించినవాళ్ళు చేసే పని, ఆ నమ్మకం లేకుండా తీసుకోవడం వాళ్ళ దృష్టిలో బరువైన విషయం. రోమన్ కతోలిక దేవాలయాల్లో అయితే కతోలికులు మాత్రమే సత్ప్రసాదం స్వీకరిస్తారు, ఇతర క్రైస్తవులు కూడా ఆగుతారు. అందరూ లేచినప్పుడు లేవడం, కూర్చున్నప్పుడు కూర్చోవడం చాలు. మోకాళ్ళూనడం మీ ఇష్టం. నోట పలకలేని మాట పలకనక్కర్లేదు. మౌనంగా ఉన్న అతిథిని ఏ సంఘమూ తప్పుపట్టదు.

ఒక చర్చి చూస్తే అన్నీ చూసినట్టు కాదు

తీరు తీరుకూ తేడా ఉంది. లూథరన్ ఆరాధన కూడా క్రమబద్ధంగా, అంగీలు, కొవ్వొత్తులతో సాగుతుంది. బాప్టిస్టుల దగ్గర క్రమం కన్నా ప్రసంగానికి పెద్దపీట, బాప్తిస్మం నీళ్ళలో నిండా ముంచి ఇస్తారు. పెంతెకొస్తు ఆరాధన మూడు నాలుగు గంటలు ఉంటుంది. డ్రమ్ములు, చప్పట్లు, చేతులెత్తి బిగ్గరగా ప్రార్థన, కన్నీళ్ళు, స్వస్థత కోసం వచ్చే రోగులు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకు ఆ హోరు ఉక్కిరిబిక్కిరి చేయవచ్చు. కొత్తవాళ్ళను నిలబడి పేరు చెప్పమని అడగడం, ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తామనడం అక్కడ ఎక్కువ. చూడటానికి వచ్చామని మర్యాదగా చెబితే సరిపోతుంది. ఒత్తిడి చేసేవాళ్ళు ఉంటే లేచి రావచ్చు.

కతోలిక పూజ వేరే లోకం. రెండో వాటికన్ సభ 1963లో స్థానిక భాషలకు తలుపు తెరిచేదాకా బలిపూజ లాటిన్‌లోనే జరిగేది. ఇప్పుడు తెలుగులో, మన పూలతో, మన హారతులతో. విజయవాడ గుణదల కొండ మీద ఫిబ్రవరిలో జరిగే మరియమాత ఉత్సవాలకు హిందువులు కూడా వేలల్లో వెళ్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మొక్కుకు అలవాటుపడిన మన జనానికి ఆ గుమ్మం ఎప్పుడూ కొత్త కాలేదు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు ఆయనే.

ఊరికీ పల్లెకీ మధ్య

మా సొంత ఊరు గుంటూరు జిల్లాలో. లూథరన్ల నేల. లూథరన్ మిషనరీ ఫాదర్ హెయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. మా ఊళ్ళో చర్చి గంట ఆదివారం పొద్దున్నే ఊరంతటికీ వినిపిస్తుంది. గంట మోగిందంటే ఎనిమిదిన్నర అయిందని పొయ్యి మీద కూర కలిపేవాళ్ళం. ఆ చర్చి ఉన్నది పల్లెలో, అంటే దళితవాడలో. ఊరికీ పల్లెకీ మధ్య ఒక కాలవ, ఒక చింతచెట్టు, రెండు వందల గజాల బాట. కూలికి పిలవడానికి పొద్దున్నే ఆ బాటన ఊరివాళ్ళు వెళ్తారు. ఆదివారం గంటకు ఎవరూ వెళ్ళరు.

నాకు అర్థమైనంతవరకు, తెలుగు హిందువుకు చర్చి కొత్తగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. దేవుడు వేరని కాదు. గుణదల ఎక్కేవాళ్ళకు, దర్గాలో చాదర్ కప్పేవాళ్ళకు, పీర్ల పండగలో గుండం తొక్కేవాళ్ళకు దేవుడు వేరు కావడం అడ్డు కాలేదు. అడ్డమైంది ఆ రెండు వందల గజాలు.

ఆ నడక పల్లెవాళ్ళు మాత్రం నడిచారు. ఒంగోలు ప్రాంతంలో తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కుటుంబంవాడు, తోళ్ళ వ్యాపారి. 1860ల్లో తానుగా వెతుక్కుంటూ వెళ్ళి విశ్వాసంలోకి వచ్చాడు. తనవాళ్ళ మధ్యకు తిరిగొచ్చి చెప్పాడు. ఆ తర్వాతే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ వైపు జనం కదిలారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టించాడు. కూడు కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది మిషనరీ గెలుపుగా రాసిన పుస్తకాలే ఎక్కువ. ఆ నీళ్ళలోకి దిగినవాళ్ళ నిర్ణయంగా చదివితే అది ఆంధ్రదేశ సామాజిక చరిత్రలో అతి పెద్ద కదలికల్లో ఒకటి.

దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని ఇక్కడి పల్లెల్లో తిరిగాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కతీడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి ఉంటాయి. మెదక్ చూసినవాళ్ళు అదీ చూడాలి.

చర్చి కులాన్ని తుడిచేసిందని చెప్పను. మాలల చర్చి, మాదిగల చర్చి విడిగా ఉన్న ఊళ్ళున్నాయి. పదవుల దగ్గర, పెళ్ళిళ్ళ దగ్గర కులం లోపలా ఉంది. చట్టం బరువు ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మతం మారినా కాలవ అవతలి ఇల్లు మారదు, హోదా మాత్రం పోతుంది. అందుకే అతిథులకు నాదొక విన్నపం. ఆరాధనలో ఫొటోలు తీయకండి. ఎవరినీ పూర్తి పేరు, కులం, ఎప్పుడు సంఘంలో కలిశారు అని ఆరా తీయకండి. కూర్చున్నవాళ్ళలో కొందరి జీవనోపాధి ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది.

గుమ్మడికాయ పాట

మొదటిసారే ఆదివారం ఆరాధనకు ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళు కోత పండుగకు వెళ్ళండి. పంట ఇంటికి వచ్చాక తొలిఫలాలు దేవుడికి తెచ్చి ఇచ్చే ఆరాధన అది. చర్చి ముందు షామియానా వేస్తారు. ఆరాధన అయ్యాక తెచ్చినవన్నీ వేలం పాడతారు. ఆ డబ్బు సంఘానికి.

మా ఊరి పల్లెలో ఈమధ్య జరిగిన కోత పండుగకు వెళ్ళాను. బల్ల మీద కందుల మూట, అరటిగెల, కాళ్ళు కట్టిన నాటుకోడి, గోంగూర పచ్చడి సీసాలు, ఎవరో కుట్టిన దిండు గలేబులు, సొరకాయలు, ఒక పెద్ద గుమ్మడికాయ. పాట పెడుతున్నది రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. కోడి పాట వేడి మీద ఉంది. ఆ వేడికి ఊరివైపు నుంచి కూడా పదిమంది వచ్చి షామియానా అంచున నిలబడ్డారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. గుమ్మడికాయ పండింది ఆయన పొలంలోనే, పండించింది ఆయన కౌలుదారు.

"ఎండలో నిలబడ్డారేం, లోపలికి రండి" అన్నారు మాస్టారు మైకులో. పెద్దాయన ఒక క్షణం ఆగి వచ్చాడు. కుర్చీ వేశారు. గుమ్మడికాయ నూట యాభై దగ్గర మొదలైంది. కుర్రాళ్ళు ఇరవై, ఇరవై పెంచుతున్నారు. మూడొందలు దాటాక ఒకటోసారి, రెండోసారి అన్నారు. పెద్దాయన చేయెత్తి "ఐదొందలు" అన్నాడు. జనం ఈలలు వేశారు. కౌలుదారు భార్య కాయను తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టబోతే వద్దన్నాడు. మళ్ళీ పాడించండి అన్నాడు. పాడుకున్న వస్తువును తిరిగి సంఘానికే ఇచ్చేయడం అక్కడ మామూలే. అయితే అది ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. మాస్టారు కాయను రెండు చేతులా పైకెత్తి, గొంతు సవరించుకుని, రెండో పాట నాలుగొందల దగ్గర మొదలుపెట్టారు.